వికీ వ్రాతయందు ఖాళీల నియమములు

వ్రాతయందు అక్షరములకు ఎంత పని కలదో, అక్షరముల నడుమ విడిచెడి ఖాళీకిని అంత పని కలదు. ‘వాడు కొనెను’ అని విడదీసి వ్రాసినచో ఎవడో యొకడు అంగడిలో ఒక వస్తువును కొన్నాడని అర్థము. ‘వాడుకొనెను’ అని కలిపి వ్రాసినచో ఆ వస్తువును ఉపయోగించెనని అర్థము. అక్షరములును వాని వరుసయు రెండింటను ఒక్కటియే. నడుమ ఒక ఖాళీ యుండుటయు, లేకుండుటయు మాత్రమే భేదము.

చేతివ్రాతలో ఈ సంగతి అందరికిని తెలిసినదే. కాని నేడు మన విద్యార్థులు కాగితముపైనే గాక తెరపైనను వ్రాయుచున్నారు. తెలుగు వికీపీడియాలో తమ ఊరిని గూర్చి వ్యాసములు వ్రాయుటకును, వికీసోర్సులో పాత పుస్తకములను ఎక్కించుటకును పూనుకొనుచున్నారు. అచ్చట తాము టైపు చేసిన ఖాళీలు తాము తలచినట్లు కనబడకపోవుట చూచి తికమకపడుచున్నారు. వికీ యంత్రము ఖాళీలను ఎట్లు గ్రహించును, ఎందులకు అట్లు గ్రహించును, ఎట్లు గ్రహించిన మేలు అను మూడు విషయములను ఈ పాఠమున వివరింతుము.

1. ఖాళీకిని ఒక సంఖ్య కలదు

మన పూర్వులు తాటాకులపై గంటముతో వ్రాయునపుడు పదముల నడుమ ఖాళీ విడుచు ఆచారము లేదు. పద్యము వెంట పద్యము ఆకు నిండువరకు ఎడతెగక సాగెడిది. ఛందస్సు తెలిసిన పాఠకుడు గణములను లెక్కించుకొని పాదము ఎచ్చట ముగిసినదో తానే తెలిసికొనెడివాడు.

అచ్చుయంత్రము వచ్చిన పిదప ఖాళీ చేతికి తగులు వస్తువైనది. అచ్చుకూటములో కంపోజిటరు సీసపు అక్షరముల నడుమ వానికంటె పొట్టివగు సీసపు ముక్కలను పెట్టెడివాడు. పొట్టివి గనుక వానికి సిరా అంటదు. కాగితముపై ఆ చోటు తెల్లగా మిగులును. పాఠకునికి అచ్చట ఏమియు లేదు, కంపోజిటరునకు మాత్రము అచ్చట ఒక ముక్క కలదు.

కంప్యూటరునందును ఇట్లే జరుగును. ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య యున్నట్లే ఖాళీకిని ఒక సంఖ్య కలదు. మామూలు ఖాళీకి 32, క్రొత్త వరుసకు 10, ట్యాబునకు 9. ఇవి గాక వరుస చివర విడిపోకుండ రెండు మాటలను పట్టి యుంచు ఖాళీ మరియొకటి కలదు. దాని సంఖ్య 160. ‘రూ.’ అనునది ఒక వరుస చివరను, ‘500’ అనునది మరుసటి వరుస మొదటను పడకుండ కాపాడుటకు దానిని వాడుదురు. కావున యంత్రము దృష్టిలో ఖాళీ అనగా లేకపోవుట గాదు, ఉన్నదానిలో ఒకటి. ఈ సూత్రము మనసున నిలుపుకొన్నచో తక్కినది సులభముగా బోధపడును.

2. వెబ్ పుట ఖాళీలను ఏమి చేయును?

జెనీవా సమీపమునగల సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్ లీ అను ఆంగ్లేయుడు 1989లో వెబ్‌ను ప్రతిపాదించి, 1991లో లోకమునకు అందించెను. వెబ్ పుటలను వ్రాయు సంకేతభాషకు హెచ్.టి.ఎమ్.ఎల్. అని పేరు. ఆ భాషలో ఒక ముఖ్యనియమము కలదు. ఖాళీలు, ట్యాబులు, క్రొత్త వరుసలు ఎన్ని వరుసగా వచ్చినను బ్రౌజరు వానినన్నిటిని కుదించి ఒక్క ఖాళీగా చూపును. మనము పది ఖాళీలు కొట్టినను, పది వరుసలు దిగివచ్చినను పాఠకునికి కనబడునది ఒక్కటే.

ఇది లోపము గాదు. పుట వ్రాసినవాని తెర వేరు, చదువువాని తెర వేరు. ఒకడు గోడపైని పెద్ద తెరమీద చదువును. ఒకడు అరచేతిలోని ఫోనుపై చదువును. వ్రాసినవాడు తన తెర అంచున వరుస దిగిన చోటనే అందరికిని దింపినచో ఫోనుపై ప్రతి వరుసయు సగములో విరిగి గందరగోళమగును. కావున గద్యములో వరుస ఎచ్చట దిగవలెనో చదువువాని తెర వెడల్పును బట్టి బ్రౌజరే నిర్ణయించుట న్యాయము. ఒక కూజాలోని నీరు మరియొక పాత్రలో పోసినపుడు ఆ పాత్ర ఆకారమును పొందినట్లు గద్యము తెరను బట్టి సర్దుకొనును. పద్యము అట్టిది గాదు. ఆ భేదమును ముందు చూతము.

3. వికీ పుట్టుక

హెచ్.టి.ఎమ్.ఎల్. నేర్వనివాడును వెబ్ పుటను వ్రాయగలుగుటకై వార్డ్ కన్నింగ్‌హామ్ అను అమెరికను 1995 మార్చి 25న మొదటి వికీని లోకమునకు తెరచెను. హవాయి భాషలో ‘వికీ’ అనగా ‘త్వరగా’ అని అర్థము. హొనొలులు విమానాశ్రయములోని బస్సుకు గల పేరును ఆయన తన యంత్రమునకు పెట్టెను. కోణపు గుర్తులతో నిండిన సంకేతములకు మారుగా నక్షత్రపు గుర్తు, గీత, ఖాళీ వంటి చిన్న చిహ్నములతో పని నడుపవలెనని ఆయన ఉద్దేశము. వికీలో ఖాళీకి అధికారము వచ్చుట నాటినుండియే.

ఆ అధికారము మొదటినుండియు ఇబ్బంది పెట్టినది. ఆ తొలి వికీలో పట్టికలోని అంశమును వ్రాయుటకు ట్యాబును, దాని వెంట నక్షత్రమును పెట్టవలసియుండెను. కాని బ్రౌజరులో ట్యాబు మీట నొక్కినచో ట్యాబు పడదు, సూచిక మరియొక గడికి దుముకును! అందుచే ‘నాకు ట్యాబు కొట్టుట సాధ్యము కాదు, నా ఖాళీలను ట్యాబులుగా మార్చుము’ అని యంత్రమును కోరుటకు ఒక చిన్న గడిని ఏర్పరుపవలసివచ్చెను.

ఒక పుటనుండి మరియొక పుటకు లంకె వేయుటకును తొలి వికీ ఖాళీనే ఆధారము చేసికొన్నది. రెండు మూడు ఆంగ్లపదములను ఖాళీ లేకుండ కలిపి, ప్రతి పదము మొదటను పెద్ద అక్షరము వ్రాసినచో అది లంకె యగును. తెలుగున పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు అను భేదమే లేదు. పైగా మన భాషలో పదములు సంధివశమున తమంతట తామే కలియును. ‘రామాలయము’ అను మాటలో అతుకు ఎచ్చటనో యంత్రమునకు ఎట్లు తెలియును? ఆ పద్ధతియే నిలిచియున్నచో తెలుగు వికీ సాధ్యమయ్యెడిది కాదు. 2001 జనవరి 15న ప్రారంభమైన వికీపీడియాలో ఆ సంవత్సరముననే రెండేసి చదరపు కుండలీకరణముల నడుమ ఖాళీలతో సహా పేరును వ్రాయు పద్ధతి వచ్చినది. కంటికి కనబడు గుర్తు ఖాళీకి మారుగా వచ్చినందున 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు ఈ చిక్కు లేకపోయెను.

4. ముఖ్యనియమములు

వికీపీడియా, వికీసోర్సులు నడచు మీడియావికీ అను యంత్రములో నేడు అమలునందున్న నియమములలో విద్యార్థి తప్పక తెలియవలసినవి ఇవి.

(అ) మాటల నడుమ ఎన్ని ఖాళీలు కొట్టినను ఒక్కటే కనబడును.

(ఆ) ఒక్కసారి వరుస దిగినచో అది ఖాళీగా మారి వాక్యము సాగిపోవును. నడుమ ఒక వరుసను పూర్తిగా ఖాళీగా విడిచినచో క్రొత్త పేరా మొదలగును. రెండు వరుసలు విడిచినచో అదనపు ఎడము ఏర్పడును.

(ఇ) వరుస మొదట ఒక్క ఖాళీ యున్నను ఆ వరుస మామూలు గద్యము గాక, ఒక పెట్టెలో, అన్ని అక్షరములకును ఒకే వెడల్పుండు లిపిలో అచ్చగును.

(ఈ) వరుస మొదట నక్షత్రము (*) పెట్టినచో గుండుసున్న పట్టిక, (#) గుర్తు పెట్టినచో అంకెల పట్టిక ఏర్పడును. అంకెల పట్టికలో రెండు అంశముల నడుమ ఒక వరుస ఖాళీ విడిచినచో పట్టిక తెగి, తరువాతి అంశమునకు మరల 1 అను అంకె పడును.

(ఉ) పుట పేరునకు ముందు వెనుకల నున్న ఖాళీలు తొలగింపబడును. నడుమ రెండు మూడు ఖాళీలు పడినను ఒక్కటిగా లెక్కింపబడును.

(ఊ) మూసలలో, అనగా ముందుగా కట్టియుంచిన చట్రములలో, పేరుపెట్టి ఇచ్చిన విలువకు ఇరుప్రక్కల నున్న ఖాళీలు తొలగింపబడును. పేరులేక ఇచ్చిన విలువకు ఖాళీలు అట్లే నిలుచును.

వీనిలో ఐదవ నియమము మిక్కిలి మంచిది. చేయి జారి పడిన ఖాళీని యంత్రము క్షమించి, మనము కోరిన పుటకే మనలను చేర్చును. మూడవ నియమము దీనికి పూర్తిగా విరుద్ధము. అచ్చట ఒక్క ఖాళీ పుట స్వరూపమునే మార్చివేయును.

5. తెలుగునకు వచ్చు నాలుగు చిక్కులు

మొదటిది పేరా మొదటి ఖాళీ. వ్యాసరచనలో ప్రతి పేరా మొదటను కొంత చోటు విడిచి వ్రాయవలెనని ఉపాధ్యాయులము మేమే నేర్పుచున్నాము. ఆ పాఠము శ్రద్ధగా విన్న విద్యార్థి తెరపైని అట్లే చేయును. వెంటనే వాని వ్యాసము పెట్టెలలో పడును. ఒకే వెడల్పు అక్షరములు ఆంగ్లమునకు కొంత పొసగును గాని, సన్నని ‘ర’కారమును వెడల్పైన ‘ఘ’కారమును గల తెలుగునకు పొసగవు. పాఠము వినని బాలుని వ్యాసము చక్కగా కనబడి, విన్న బాలుని వ్యాసము చెడును.

రెండవది పద్యము. వృత్తములలో ప్రతి పాదమునందును రెండవ అక్షరము ప్రాస. యతిస్థానమును పాదాదినుండి లెక్కింపవలెను: ఉత్పలమాలకు పదియవ అక్షరము, చంపకమాలకు పదునొకండవది, శార్దూలమునకు పదుమూడవది, మత్తేభమునకు పదునాల్గవది. ఒక్కసారి వరుస దిగుటను యంత్రము ఖాళీగా మార్చుటచే నాలుగు పాదములును ఒక్క పేరాగా కలిసిపోవును. పాదము మొదలే తెలియని చోట ప్రాస ఏది, యతి ఏది? తాటాకులపై చదివిన పండితునకు అది తెలిసెడిది. నేటి ఆరవ తరగతి విద్యార్థికి తెలియదు. గద్యములో వరుస దిగుట తెరను బట్టి కలుగునది. పద్యములో వరుస దిగుట రచనలో భాగము.

మూడవది పాత పుస్తకములను ఎక్కించునపుడు కలుగునది. వరుస దిగుటను ఖాళీగా మార్చు నియమము, వరుస ఎప్పుడును మాట చివరనే దిగునను ఊహపై నిలిచినది. ఆంగ్లమున మాట నడుమ విరిగినచో చివర ఒక చిన్న గీత పెట్టుదురు. కాని పాత తెలుగు పుస్తకములలో కొన్నిటియందు చోటు చాలనపుడు గీతయైనను లేకుండ ఏ అక్షరము వద్దనైనను మాటను విరిచి మరుసటి వరుసలో కొనసాగించిరి. వరుస చివర ‘వాడు’ అనియు, మరుసటి వరుస మొదట ‘కొనెను’ అనియు అచ్చులో నున్నదనుకొందము. అచ్చుపుస్తకములో ఉన్నట్లే వరుసలు దింపి టైపు చేసినచో యంత్రము నడుమ ఖాళీని చేర్చును. గ్రంథకర్త ‘వాడుకొనెను’ అని వ్రాసినది ‘వాడు కొనెను’ అని మారును. ఒక్క అక్షరమును తప్పు కొట్టకయే అర్థము తప్పినది! ఇట్టి చోట వరుసను కలుపుట యంత్రము పని గాదు. తెలుగు తెలిసినవాని పని.

నాల్గవది వెడల్పులేని గుర్తు. పొల్లు తరువాత హల్లు వచ్చినచో యంత్రము రెంటిని కలిపి ఒత్తుగా చూపును: ‘వెంకట్రావు’. పొల్లును పొల్లుగానే నిలిపి ‘వెంకట్‌రావు’ అని చూపవలెనన్నచో నడుమ కంటికి కనబడని ఒక గుర్తును ఉంచవలెను. దీనిని యూనికోడునందు ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అందురు. మాట నడుమ ఇది వర్ణక్రమములో భాగము. మాట చివర పొల్లు తరువాత పడినచో మాత్రము దీనికి పని లేదు. ఉన్నను లేకున్నను రూపము ఒక్కటే. కాని యంత్రమునకు అవి రెండు వేరు మాటలు. అందుచే ఒక పుట ఉన్నను, దానికి వేసిన లంకె పుట లేనట్లు ఎఱ్ఱగా కనబడుట సంభవించును.

6. ఎట్లుండిన మేలు?

ఈ చిక్కులను ఆలోచింపగా మాకు నాలుగు సూత్రములు యుక్తములని తోచుచున్నవి.

ఒకటి: దాచునపుడు వ్రాసినది వ్రాసినట్లే దాచవలెను, కుదింపు చూపునపుడే జరుగవలెను. ఎవరు ఏ మార్పు చేసిరో పుట చరిత్రలో పోల్చి చూచుకొనువారికి ఇది ప్రాణము. సంకేతములు కనబడకుండ వ్రాయుటకు 2013లో వికీపీడియాలో ప్రవేశపెట్టిన విజువల్ ఎడిటరును నిర్మించినవారు, రచయిత ముట్టని భాగములలోని ఖాళీలు చెదరకుండ ఉండుటకు ప్రత్యేకముగా శ్రమపడుట ఇందులకే.

రెండు: కంటికి కనబడని గుర్తునకు పెద్ద అధికారము ఈయరాదు. ఈయవలసివచ్చినచో తప్పు జరిగినపుడు యంత్రము చెప్పవలెను. 1991లో వెలువడిన పైథాను భాషలో వరుస మొదటి ఖాళీలకు అర్థము కలదు. అచ్చట పొరబాటైనచో యంత్రము ఆగి, ఫలానా వరుసలో తప్పున్నదని తెలుపును. వికీ యంత్రమునకు తప్పు అనునదే లేదు. ఏమి వ్రాసినను మారుమాటాడక స్వీకరించి తనకు తోచినట్లు చూపును. 2004లో జాన్ గ్రూబర్ వెలువరించిన మార్క్‌డౌన్ అను పద్ధతిలో వరుస చివర రెండు ఖాళీలు విడిచినచో వరుస దిగును. ఆ ఖాళీలు వ్రాసినవానికే కనబడవు; దిద్దువాడు వానిని ఎట్లు గుర్తించును?

మూడు: వరుస దిగుట రచనలో భాగమైన చోట, అనగా పద్యము, గేయము, చిరునామా మొదలగు వానిలో, రచయిత ఆ సంగతిని స్పష్టముగా చెప్పుటకు ఒక గుర్తు ఉండవలెను. మీడియావికీకి అనుబంధముగా ‘పోయెమ్’ అను గుర్తు కలదు. పద్యమునకు ముందును వెనుకను దానిని ఉంచినచో నడుమనున్న వరుసలును, వరుస మొదటి ఖాళీలును అట్లే నిలుచును. ఒక్క వరుసను దింపుటకు ‘బి’, ‘ఆర్’ అను రెండు ఆంగ్లాక్షరములను కోణపు గుర్తుల నడుమ ఉంచిన చాలును.

నాలుగు: మాట నడుమనున్న వెడల్పులేని గుర్తును చెత్తగా భావించి ఊడ్చివేయరాదు. మాట చివర నిష్ప్రయోజనముగా పడినదానిని పుట పేరు విషయమున ఖాళీని క్షమించినట్లే క్షమింపవలెను. ఒక భాషకు చెత్తయైనది మరియొక భాషకు వర్ణక్రమము కావచ్చును.

ప్రతి వరుసను కొట్టినది కొట్టినట్లే చూపిన చాలదా యని కొందరు అడుగవచ్చును. పద్యమునకు చాలును గాని గద్యమునకు చాలదు. ఇతర చోట్లనుండి తెచ్చి అతికించిన గద్యములో ప్రతి వరుస చివరను విరుపు ఉండవచ్చును. అది ఫోనుపై ముక్కలగును. ఇక వరుస మొదటి ఖాళీ నియమమును ఒక్కనాటితో తీసివేయుటయు సులభము గాదు. దానిని నమ్ముకొని వ్రాసిన పాత పుటలు అన్ని భాషలలోను పేరుకొని యున్నవి. నియమము మారినచో అవి చెదరును. కావున యంత్రము మారువరకు వేచియుండక, విద్యార్థికి నియమమును నేర్పుటయే మా వంతు.

7. మన విద్యార్థులకు

తెలుగుసీమకు వెలుపల నున్న మన పాఠశాలలలో ఈ పాఠమునకు మరియొక ప్రయోజనము కలదు. బరంపురమున గాని, షోలాపురమున గాని, హోసూరున గాని తరతరములుగా నివసించు తెలుగువారి వీధులను గూర్చియు, గుడులను గూర్చియు, చేతిపనులను గూర్చియు తెలుగున వ్రాయగలవారు అచ్చటివారే. అట్టి విద్యార్థి ఎంతో ఆశతో మొదటి వ్యాసము వ్రాయును. పేరాలు పెట్టెలలో పడును, పద్యము పేరాగా మారును, లంకె ఎఱ్ఱగా నిలుచును. అప్పుడు వాడు నియమమును తప్పుపట్టడు. ‘తెలుగు కంప్యూటరునకు సరిపడదు’ అని తలచి, చుట్టునున్న పెద్దభాషకో ఆంగ్లమునకో మరలును. వాని చేతినుండి రావలసిన వ్యాసము ఇక రాదు. ఆ ఊరి తెలుగువారి మాట ఆ మేరకు వ్రాతకెక్కక పోవును. తప్పు తెలుగుది గాదు, ఒక ఖాళీది అని సకాలమున చెప్పగలవాడు ఉపాధ్యాయుడే.

కావున విద్యార్థులు మొదట ‘ప్రయోగశాల’ అను పుటలో వ్రాసి, భద్రపరచుటకు ముందు ఒకసారి చూచుకొని, పిదప వ్యాసమునకు పోవలెను. పేరా మొదట ఖాళీ పెట్టక, పేరాల నడుమ ఒక వరుస విడువవలెను. నోటుపుస్తకములో మాత్రము మేము నేర్పినట్లే వ్రాయవలెను. కాగితమునకు ఆ పద్ధతియే తగును.

అభ్యాసము

1. ‘వాడు కొనెను’, ‘వాడుకొనెను’ వలె ఖాళీచే అర్థము మారు మాటలను మూడింటిని వ్రాయుము.

2. మీకు కంఠస్థమైన ఒక వృత్తపద్యమును పాదవిభాగము లేక ఒక్క పేరాగా వ్రాసి నీ స్నేహితున కిమ్ము. అతడు యతిప్రాసలను బట్టి పాదములను విడదీయవలెను.

3. ప్రయోగశాల పుటలో ఒకే వాక్యమును వరుస మొదట ఖాళీతో ఒకసారియు, ఖాళీ లేక ఒకసారియు వ్రాసి భేదమును గమనింపుము.

4. మీ ఇంటనున్న పాత తెలుగు పుస్తకములో వరుస చివర గీత లేక విరిగిన మాటలను ఐదింటిని వెదకి, కలిపి వ్రాయుము.

5. మీ వీధిలోని ఒక గుడిని గాని, బావిని గాని, చేతిపనిని గాని గూర్చి రెండు పేరాలు వ్రాసి తెమ్ము. వానిని వికీలో ఎట్లు టైపు చేయవలెనో తరగతిలో చూపెదము.